పిండం ఏ దారిన వచ్చింది?

1978 జూలై 25, మంగళవారం. ఇంగ్లండ్‌లోని ఓల్డమ్ జనరల్ ఆస్పత్రిలో రాత్రి 11 గంటల 47 నిమిషాలకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు లూయీజ్ బ్రౌన్, బరువు 2.6 కిలోలు. తల్లి కడుపు బయట, గాజు పాత్రలో అండాన్నీ శుక్రకణాన్నీ కలిపి పుట్టించిన తొలి బిడ్డ ఆమె. రాబర్ట్ ఎడ్వర్డ్స్, ప్యాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ ముగ్గురూ పదేళ్ళపాటు పడిన శ్రమ ఆ రాత్రి ఫలించింది. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. బిడ్డను బయటికి తీసిన సిజేరియన్‌ను ఆ రాత్రే ఎందుకు చేశారన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు. తల్లి లెస్లీ బ్రౌన్‌కు ఆఖరి వారాల్లో బీపీ పెరిగింది. అప్పటి డాక్టర్లు ఆ జబ్బును టాక్సీమియా అనేవారు, ఇప్పుడు ప్రీ ఎక్లాంప్సియా అంటున్నాం. ఇంకా ఆగితే తల్లికీ బిడ్డకీ మంచిది కాదని ఆపరేషన్ చేసేశారు. ఐవీఎఫ్ అనే ఆ పద్ధతిలో ప్రపంచంలో మొట్టమొదటి కాన్పే బీపీ గండం దాటి వచ్చిన కాన్పు.

ఆ బీపీకి ఐవీఎఫ్ కారణమా? ఒక్క తల్లి అనుభవంతో అది తేలదు. లెస్లీకి అది తొలి కాన్పు. తొలి కాన్పులో ఈ జబ్బు ఎవరికైనా కాస్త ఎక్కువగానే వస్తుంది. అయితే ఆ తర్వాత ఐవీఎఫ్‌తో కోటికి పైగా పిల్లలు పుట్టారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి సరిపడా లెక్కలు ఇప్పుడు మన దగ్గరున్నాయి. ఆ లెక్కలు చెప్పేది ఏమిటంటే, ఐవీఎఫ్ అనే ఒకే పేరు కింద నాలుగైదు వేర్వేరు దారులున్నాయి, పిండం ఏ దారిన గర్భాశయానికి చేరిందన్న దాన్నిబట్టి తల్లికి బీపీ వచ్చే అవకాశం మారుతుంది. తనది ఏ దారో గర్భిణికి తెలిసి ఉండాలి. ఆమెకు కాన్పు చేసే డాక్టరుకూ తెలిసి ఉండాలి. మన దగ్గర చాలాసార్లు ఈ ఇద్దరికీ తెలియడం లేదు.

ముందు జబ్బు సంగతి. మన పల్లెల్లో పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దీని చివరి మెట్టునే. నిండు గర్భిణి ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, పళ్ళు బిగబట్టి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ స్పృహ తప్పేది. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకుని తాయెత్తు కట్టించేవాళ్ళు. నిజానికి అది మెదడుదాకా పాకిన బీపీ జబ్బు, ఎక్లాంప్సియా. దాని ముందు దశ ప్రీ ఎక్లాంప్సియా. ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90కి చేరడం లేదా మించడం, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు, ప్లేట్‌లెట్లు దెబ్బతినడమో కనిపిస్తే ఆ పేరు పెడతారు. బీపీ ఒక్కటే పెరిగి మిగతావేవీ లేకపోతే గర్భకాలపు బీపీ అంటారు. దాన్నీ తేలిగ్గా తీసుకోవడానికి లేదు, కొందరిలో అది ప్రీ ఎక్లాంప్సియాలోకి దిగుతుంది. ప్రపంచవ్యాప్తంగా నూరు గర్భాల్లో రెండు నుంచి ఎనిమిది దాకా ప్రీ ఎక్లాంప్సియా బారిన పడతాయి.

జబ్బు బయటపడేది ఎక్కువగా ఏడో నెల తర్వాత. దాని మొదలు మాత్రం తొలి నెలల్లోనే, మాయలో ఉంటుంది. గర్భాశయపు గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులుంటాయి. మాయ కుదురుకునే రోజుల్లో బిడ్డ వైపు కణాలు కొన్ని ఆ గోడలోకి చొచ్చుకుపోయి, ఆ ధమనుల కండర పొరను కరిగించి, వాటిని వదులుగా వెడల్పు చేస్తాయి. పిల్ల కాలువను తవ్వి పంట కాలువ చేసినట్టు ఉంటుంది ఆ పని. అది సక్రమంగా జరిగితే నెలలు నిండేనాటికి గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంది. సగంలో ఆగిపోతే ధమనులు ఇరుకుగానే మిగిలిపోతాయి. బిడ్డ పెరిగేకొద్దీ మాయకు రక్తం చాలదు. అలా కుంటుపడిన మాయ కొన్ని ప్రొటీన్లను తల్లి రక్తంలోకి అతిగా వదులుతుంది. భారత సంతతికి చెందిన శాస్త్రవేత్త అనంత్ కరుమంచి, ఆయన సహచరులు 2003లో వాటిలో ముఖ్యమైన ఒకదాన్ని పట్టుకున్నారు. దాని పేరు ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా ఉంచే పీఎల్‌జీఎఫ్ లాంటి ప్రొటీన్లను అది అంటిపెట్టుకుని పనిచేయనివ్వదు. దాన్ని ఎలుకల్లో ఎక్కువ చేసి చూస్తే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది. తల్లి ఒంట్లో ప్రతి అవయవానికీ రక్తనాళాలున్నాయి కాబట్టి, ఒక మూల మాయలో మొదలైన లోపం కాలేయం దాకా, మెదడు దాకా పోతుంది. మాయ బయటపడితే తప్ప జబ్బు దిగడం మొదలుకాదు. దీనికి అసలు చికిత్స కాన్పు. కాన్పు చేయడానికి బిడ్డ ఇంకా సిద్ధంగా లేనప్పుడే వస్తుంది డాక్టరుకు అసలైన పరీక్ష.

ఇక ఐవీఎఫ్ దగ్గరికి. ఐవీఎఫ్ తల్లుల్లో బీపీ సమస్యలు ఎక్కువని డాక్టర్లు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. కానీ దాన్నుంచి ఏ నిర్ణయానికీ రావడం తేలిక కాదు. ఐవీఎఫ్‌కు వచ్చేవాళ్ళ వయసు ఎక్కువ. చాలామందికి అది తొలి కాన్పు. పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య ఉన్నవాళ్ళు, బరువు ఎక్కువున్నవాళ్ళు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు వాళ్ళలో ఎక్కువ. ఇవన్నీ వాటంతటవే బీపీని పెంచేవి. మరి తప్పు చికిత్సదా, చికిత్స దాకా తెచ్చిన కారణాలదా?

ఈ చిక్కుముడిని విప్పిన ప్రయత్నాల్లో నాకు అన్నిటికంటే నచ్చినది డెన్మార్క్, నార్వే, స్వీడన్ పరిశోధకుల పని. ఆ దేశాల్లో ప్రతి కాన్పూ జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. 1988 నుంచి 2015 దాకా, కవలలను పక్కనపెట్టి, దాదాపు 24 లక్షల మంది తల్లుల కాన్పులను వాళ్ళు పరిశీలించి 2022లో ఫలితం ప్రకటించారు. వాటిలో 78 వేలకు పైగా తాజా పిండంతో వచ్చినవి, 18 వేలకు పైగా గడ్డకట్టించి దాచిన పిండంతో వచ్చినవి. మామూలుగా గర్భం వచ్చినవాళ్ళలో బీపీ జబ్బులు 4.3 శాతం. తాజా పిండం పెట్టినవాళ్ళలో 5.9 శాతం. దాచిన పిండం పెట్టినవాళ్ళలో 7.4 శాతం. తల్లి వయసు, ఎన్నో కాన్పు లాంటి తేడాలను సరిచేసి చూస్తే తాజా పిండానికీ మామూలు గర్భానికీ తేడా దాదాపు మాయమైంది. దాచిన పిండం దగ్గర మాత్రం ముప్పు 1.7 రెట్లు మిగిలింది.

ఇక్కడితో ఆగినా మంచి పరిశోధనే అయ్యేది. వాళ్ళు ఇంకో అడుగు వేశారు. ఒకే తల్లికి ఒక బిడ్డ మామూలుగా, మరో బిడ్డ ఐవీఎఫ్‌తో పుట్టిన కుటుంబాలు ఆ రిజిస్టర్లలో ఉన్నాయి. ఒక బిడ్డను తాజా పిండంతో, ఆ తర్వాతి బిడ్డను దాచిన పిండంతో కన్న తల్లులూ ఉన్నారు. ఇలాంటి 33 వేల మంది తల్లులను విడిగా తీసి, ఎవరినీ వేరేవాళ్ళతో పోల్చకుండా, ప్రతి తల్లినీ ఆమెతోనే పోల్చారు. జన్యువులు అవే, కుటుంబ చరిత్ర అదే, సంతానలేమికి దారితీసిన ఒంటి తీరూ చాలావరకూ అదే. అప్పుడు కూడా తాజా పిండం దగ్గర తేడా కనిపించలేదు. దాచిన పిండం దగ్గర ముప్పు రెండు రెట్లని తేలింది. అంటే దోషమంతా ఆ స్త్రీ ఒంటిదని ఇక చెప్పడానికి వీల్లేదు. చికిత్సలోని ఒక దారిలో ఏదో ఉంది.

చైనాలో జరిగిన ప్రయోగాలు కూడా అటే వేలెత్తి చూపాయి. 2016లో పీసీఓఎస్ ఉన్న 1,508 మందిని చీట్లు తీసినట్టు రెండు జట్లు చేసి ఒక జట్టుకు తాజా పిండం, రెండో జట్టుకు దాచిన పిండం పెట్టారు. ప్రీ ఎక్లాంప్సియా తాజా జట్టులో 1.4 శాతం, దాచిన జట్టులో 4.4 శాతం. 2019లో నెలసరి సవ్యంగా వచ్చే 1,650 మందితో, ఒక్కొక్కరికి ఒకే పిండం పెట్టి చేసిన మరో ప్రయోగంలో 1.0 శాతానికి 3.1 శాతం.

అయితే ఆ ప్రయోగాల్లోనే రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచి చెప్పడం అన్యాయం. 2016 ప్రయోగంలో బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు తాజా జట్టులో 42 శాతమైతే దాచిన జట్టులో 49.3 శాతం. అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి తెచ్చే ఓహెచ్‌ఎస్‌ఎస్ అనే స్థితి తాజా జట్టులో 7.1 శాతమైతే దాచిన జట్టులో 1.3 శాతమే. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి పిండాలను ముందు దాచి, ఒళ్ళు కుదుటపడ్డాక పెడదామని డాక్టరు అంటే దానికి గట్టి కారణం ఉన్నట్టే.

పిండాన్ని దాచే పద్ధతికి మన దేశంలో ఒక బాధాకరమైన చరిత్ర ఉంది. లూయీజ్ పుట్టిన డెబ్బై రోజులకు, 1978 అక్టోబర్ 3న, కోల్‌కతాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా మరో ఐవీఎఫ్ పాప పుట్టింది. ఆయన పిండాన్ని గడ్డకట్టించి 53 రోజులు దాచి, ఆ తర్వాత తల్లి గర్భంలో పెట్టానని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని అవమానించింది, సంబంధం లేని కంటి ఆస్పత్రికి బదిలీ చేశారు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. దాచిన పిండంతో పుట్టిన బిడ్డగా ప్రపంచం ఒప్పుకున్నది 1984లో ఆస్ట్రేలియాలో పుట్టిన పాపను. 1997లో టి.సి. ఆనంద్‌కుమార్ ఆ పాత కాగితాలను చదివి, ముఖోపాధ్యాయ్ చెప్పింది నిజమని దేశానికి చెప్పాడు. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళినా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పిండాలుంటాయి.

మరి బీపీని పెంచేది ఆ చలేనా? చాలాకాలం అందరి అనుమానం దాని మీదే. గడ్డకట్టి కరిగేటప్పుడు పిండానికి ఏదో అవుతుందని, ఆ లోపం మాయలో కనిపిస్తుందని అనుకున్నారు. దాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి ఇప్పటికీ లేదు. కానీ కొందరు చూపు పిండం మీదనుంచి తల్లి అండాశయం మీదికి మళ్ళించారు. అక్కడ దొరికింది, ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించిన సంగతి.

మామూలు నెలలో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. అండాశయంలో ఒక నీటి తిత్తి పెరుగుతుంది. సుమారు 20 మిల్లీమీటర్లకు చేరాక పగిలి, కంటికి చుక్కలా మాత్రమే ఆనే అండాన్ని వదులుతుంది. తిత్తి పని అక్కడితో అయిపోలేదు. పగిలిన దాని గోడలు లోపలికి ముడుచుకుంటాయి, రక్తనాళాలు గబగబా అల్లుకుంటాయి, కణాలు కొవ్వు నింపుకుని పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పసుపు ముద్ద పేరు కార్పస్ లూటియం. రెండు సెంటీమీటర్లుండే ఈ ముద్ద గర్భాశయపు పొరను నిలబెట్టే ప్రొజెస్టరాన్‌ను తయారుచేస్తుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో వాడిపోతుంది. వస్తే పిండం పంపే హెచ్‌సీజీ సంకేతం అందుకుని నిలదొక్కుకుంటుంది. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య మాయ ఆ హార్మోన్ల పని తన చేతిలోకి తీసుకునేదాకా గర్భాన్ని మోసేది ఇదే.

ఆ ముద్ద ప్రొజెస్టరాన్ ఒక్కటే ఇవ్వదు. రిలాక్సిన్ అనే హార్మోన్‌ను కూడా రక్తంలోకి వదులుతుంది. గర్భిణి రక్తంలో తిరిగే రిలాక్సిన్‌కు మూలం కార్పస్ లూటియమే, మాయ ఆ లోటు తీర్చదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కిర్క్ కాన్రాడ్ దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. గర్భం లేని ఎలుకకు రిలాక్సిన్ ఇస్తే దాని రక్తనాళాలు, మూత్రపిండాలు గర్భం వచ్చిన ఎలుకలోలా మారాయి. గర్భం ఉన్న ఎలుకలో రిలాక్సిన్‌ను అడ్డుకుంటే ఆ మార్పులు రాలేదు. మనిషిలో కూడా గర్భం వచ్చిన తొలి వారాల్లోనే ధమనులు మెత్తబడి, మూత్రపిండాల వడపోత దాదాపు సగం మేర పెరిగి, బీపీ కొంచెం దిగుతుంది. రాబోయే నెలల బరువు మోయడానికి ఒళ్ళు ముందే సిద్ధపడే పద్ధతి అది.

ఇప్పుడు సంతాన సాఫల్య కేంద్రంలో దాచిన పిండం పెట్టే తీరు చూడండి. నెలసరి రెండో రోజో మూడో రోజో స్కానింగ్ చేసి ఈస్ట్రోజన్ మాత్రలు మొదలుపెడతారు, సాధారణంగా 2 మిల్లీగ్రాములవి, మూడు పూటలా. పది పన్నెండు రోజులకు గర్భాశయపు పొర ఏడెనిమిది మిల్లీమీటర్ల మందానికి వస్తే ప్రొజెస్టరాన్ ఇంజెక్షన్లో, లోపల పెట్టుకునే మాత్రలో ఇస్తారు. లెక్కపెట్టిన రోజుకు పిండం పెడతారు. ఈ పద్ధతిలో ఆ నెల అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే తిత్తి పగలదు. తిత్తి పగలకపోతే కార్పస్ లూటియం లేదు. పైనుంచి ఇస్తున్న రెండు హార్మోన్లతో గర్భం చక్కగా నిలబడుతుంది, కానీ తొలి మూడు నెలలూ ఆమె రక్తంలో రిలాక్సిన్ ఉండదు. ఆ పసుపు ముద్ద ఇచ్చే మిగతావేవీ ఉండవు.

దాచిన పిండం పెట్టడానికి ఇంకో తీరు కూడా ఉంది. మాత్రలతో నెలను నడపకుండా, సహజంగా అండం విడుదలయ్యేదాకా స్కానింగ్‌లతో కనిపెట్టి చూసి, దాన్నిబట్టి పిండం పెట్టే రోజు నిర్ణయిస్తారు. పిండం అదే, చలి అదే, కార్పస్ లూటియం మాత్రం ఉంటుంది. వలెరీ బేకర్, కాన్రాడ్, జర్మనీకి చెందిన ఫ్రౌకే ఫాన్ ఫెర్సెన్ హ్యోయెంక్ 2019లో ప్రకటించిన అధ్యయనంలో ఈ రెండు తీర్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. మాత్రలతో నడిపిన నెలల్లో గర్భం దాల్చినవాళ్ళకు ప్రీ ఎక్లాంప్సియా 12.8 శాతం. సహజంగా అండం విడుదలైనవాళ్ళకు 3.9 శాతం. సంఖ్యలో అది చిన్న అధ్యయనమే. ఆ తర్వాత స్వీడన్, జపాన్ జాతీయ లెక్కల్లోనూ తేడా అదే దిక్కున కనిపించింది. రిలాక్సిన్ లేకపోవడమే అసలు కారణమని తేల్చడానికి ఇది చాలదు. కార్పస్ లూటియం ఉన్న దారి, లేని దారి ఒకటి కాదని చెప్పడానికి మాత్రం చాలు.

మరి అందరికీ సహజ పద్ధతే ఎందుకు వాడరు? నెలసరి సక్రమంగా రానివాళ్ళకు అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పలేం. అండాశయాలు పనిచేయడం మానేసినవాళ్ళకు ఆ మాటే లేదు. కానీ అవి రెండే కారణాలు కావు. మాత్రల పద్ధతిలో తేదీ ముందే ఖాయం చేసుకోవచ్చు, ఆదివారాలు తప్పించవచ్చు, ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకు స్కానింగ్‌ల కోసం తిరుగుళ్ళు తగ్గుతాయి. ఇవి కూడా నిజమైన సౌకర్యాలే, ఖమ్మం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చే జంటకు ఒక్కో ప్రయాణం ఒక్కో రోజు కూలీ. అయినా నెలసరి సవ్యంగా ఉన్న అమ్మాయికి సౌకర్యం కోసం మాత్రల పద్ధతి పెట్టేముందు బీపీ సంగతి చెప్పి, ఆమెను అడిగి పెట్టడం న్యాయమని నా అభిప్రాయం. నెలసరి తప్పేవాళ్ళకు కూడా లెట్రోజోల్ లాంటి మాత్రతో అండం విడుదలయ్యేట్టు చేసి పెట్టే మధ్యేమార్గం ఉంది. మీ డాక్టరును అడగండి: డాక్టరుగారూ, ఈ నెల నాకు అండం విడుదలవుతుందా, లేదా?

దాతల అండంతో వచ్చే గర్భం వేరే దారి, అక్కడ ముప్పు ఇంకా ఎక్కువ. మామూలుగా బిడ్డలో సగం తల్లి, సగం తండ్రి. తల్లి రోగనిరోధక వ్యవస్థ ఆ పరాయి సగాన్ని సహించడం నేర్చుకుంటుంది. మాయ ధమనులను వెడల్పు చేసే పనిలో ఆ సహనానికీ వాటా ఉంది. దాత అండమైతే బిడ్డ మొత్తంగా పరాయిదే. సొంత అండంతో ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళతో పోల్చినా వీళ్ళలో ప్రీ ఎక్లాంప్సియా రెండు రెట్లకు తక్కువ లేదని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. దానికి తోడు, దాత అండం అవసరమయ్యేది ఎక్కువగా వయసు మీదపడినవాళ్ళకు. 2019 సెప్టెంబర్ 5న గుంటూరులో డెబ్బై దాటిన ఒక మహిళ దాత అండంతో కవలలను కన్నప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యంగా చూసింది. ఆశ్చర్యం సరే, ఆ వయసు గుండె మీద, రక్తనాళాల మీద కవలల గర్భం ఎంత బరువో తలుచుకుంటే భయమేస్తుంది. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం చికిత్స తీసుకునే స్త్రీకి 50 ఏళ్ళ గరిష్ఠ వయసు పెట్టింది. అది అవసరమైన గీత.

కవలల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒక్క బిడ్డ గర్భం కంటే కవలల్లో ప్రీ ఎక్లాంప్సియా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఖర్చు పెడుతున్నాం కదా, రెండు పిండాలు పెట్టండి, ఒక్క కాన్పుతో సరిపోతుంది అని అత్తమామలో, భర్తో అడగడం మామూలైపోయింది. ఒక పిండం పెట్టి, రెండోదాన్ని దాచుకోవడం తల్లికి మేలు.

పై అంకెలు చదివి ఎవరైనా బెంబేలెత్తితే నేను సరిగ్గా రాయనట్టే. 7.4 శాతమంటే దాచిన పిండంతో గర్భం వచ్చిన నూరుమందిలో తొంభై రెండు మందికి పైగా బీపీ జబ్బు లేకుండానే కన్నారు. ఏళ్ళ తరబడి పిల్లల కోసం ఎదురుచూసిన స్త్రీకి ఈ ముప్పు చూపించి చికిత్స వద్దనడం నా ఉద్దేశం కాదు. ముందే తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది కాబట్టే చెబుతున్నాను.

చేయగలిగిన వాటిలో మొదటిది చవకైన ఆస్ప్రిన్. ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఆస్ప్రే అనే ఆ ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సివచ్చే ప్రీ ఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయింది. ఇది సొంతంగా కొని వేసుకునే మందు కాదు, డాక్టరు ముప్పు అంచనా వేసి రాయాలి. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది, 16 వారాల లోపే మొదలుకావాలి. ఎందుకంటే మాయ తన ధమనులను తవ్వుకునే రోజులవే.

రెండోది బీపీ చూడటం, అదీ సరిగ్గా చూడటం. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టిన మరుక్షణం పట్టీ చుడితే వచ్చేది బీపీ కాదు. ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, చేతి లావుకు తగిన పట్టీతో చూడాలి. ఇంట్లో చిన్న మిషను ఒకటి ఉంటే మంచిది. 20 వారాల తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు చూసి, తేదీ వేసి రాసుకున్న పుస్తకం డాక్టరుకు ఎంతో చెబుతుంది. 140/90 కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి కబురు చేయాలి. 160/110 కనిపిస్తే ఆ గంటే బయల్దేరాలి. ఎడతెగని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ఇవి బీపీ అంకె కోసం ఆగకుండా వెళ్ళాల్సిన గుర్తులు. ఆ కుడివైపు నొప్పే అందరినీ మోసం చేసేది. గ్యాస్ అనుకుని మాత్ర వేసి పడుకోబెడతారు. అది కాలేయం వాచి పెడుతున్న నొప్పి కావచ్చు.

ఫిట్స్ రాకుండా ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్. 2002లో ప్రచురించిన మ్యాగ్‌పై ప్రయోగంలో దాదాపు పదివేల మంది స్త్రీలలో అది ఫిట్స్‌ను సగానికి పైగా తగ్గించింది. ఖరీదు తక్కువ. తొలి మోతాదు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి, 108లో పెద్దాస్పత్రికి పంపవచ్చు.

ఇవన్నీ పనిచేయాలంటే ముప్పు ఉందని ఎదుటివాళ్ళకు తెలియాలి. ఇక్కడే మనవైపు ఒక చిక్కు వస్తుంది. ఐవీఎఫ్ చేసిన కేంద్రం మూడు నెలలు నిండగానే గర్భిణిని మామూలు డాక్టరుకు అప్పగిస్తుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పుట్టింటికి పంపుతాం. జబ్బు బయటపడే సరిగ్గా ఆ వారాల్లో ఊరు మారుతుంది, ఆస్పత్రి మారుతుంది, డాక్టరు మారుతుంది. కొత్త ఆస్పత్రిలో నర్సు, "ఏమ్మా, మందులు వాడితే వచ్చిందా, మామూలుగా వచ్చిందా?" అని అడుగుతుంది. అమ్మాయి నోరు తెరిచేలోపే పక్కనున్న తల్లి, "మామూలుగానే వచ్చిందండీ" అనేస్తుంది. వెనకాల బెంచీ మీద తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని ఆవిడ భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను, పిల్లలు లేరని కోడళ్ళను ఎన్ని మాటలన్నామో మనకు తెలుసు. అలా అడిగే చోటు కాస్త చాటుగా ఉండేలా చూడటం ఆస్పత్రి బాధ్యత. కానీ ఆ ఒక్క అబద్ధంతో ఆస్ప్రిన్ కొనసాగాలా అన్న ప్రశ్న పోతుంది, వారం వారం బీపీ చూడాలన్న జాగ్రత్త పోతుంది. అందుకని ఇల్లు కదిలేముందే కేంద్రం నుంచి ఒక కాగితం అడిగి తీసుకోవాలి. పిండం తాజాదా, దాచినదా. ఆ నెల మాత్రలతో నడిచిందా, అండం విడుదలైందా. అండం సొంతమా, దాతదా. ఎన్ని పిండాలు పెట్టారు. ఏ మందులు ఎప్పటిదాకా వాడారు. దాన్ని తల్లీబిడ్డల కార్డులో మడిచిపెట్టి కొత్త డాక్టరు చేతికే ఇవ్వొచ్చు. దాత సంగతి చుట్టాలకు చెప్పనక్కర్లేదు, డాక్టరుకు చెప్పక తప్పదు.

కాన్పు అయిపోగానే ముప్పు తీరిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. బిడ్డ పుట్టిన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్ళీ పెరుగుతుంది. చాలామంది ఇంటికి చేరేదీ అప్పుడే. గర్భంతో ఉన్నన్నాళ్ళూ బీపీ లేనివాళ్ళకు కూడా ఆ రోజుల్లో ఫిట్స్ రావచ్చు. పచ్చి బాలింత తలనొప్పి అంటే చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, చల్లగాలి తగిలిందని సరిపెట్టడం మన ఇళ్ళలో అలవాటు. గుడ్డ చుట్టండి, తప్పులేదు, దానికంటే ముందు బీపీ చూడండి. ప్రసవమైన ఆరు వారాల దాకా ఆ చూపు ఉండాలి. ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన తల్లికి తర్వాతి జీవితంలో గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెండింతలు. కాబట్టి బిడ్డ టీకాలకు వెళ్ళినప్పుడల్లా తల్లి కూడా ఓసారి చేయి చాపి బీపీ చూపించుకోవాలి, ఆ తర్వాత ఏడాదికోసారి, బిడ్డ పెద్దయ్యాక కూడా.